డొరతీ బామ్మ కుర్చీ

కెనడాలో, ఈ గ్వెల్ఫ్ ఊళ్లో ఉన్న మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. ఇంత మంచులో, షిఫ్టులు మార్చుకుని మరీ వచ్చారు. హాలు ఇప్పించిన జనార్ధనరావు అంకుల్‌కి కృతజ్ఞతలు. నేను రిషితని. మొన్న మంగళవారం, తొంభై ఏడో ఏట కన్నుమూసిన డొరతీ హాలమ్ గారి బేస్‌మెంట్‌లో రెండేళ్లుగా అద్దెకుంటున్నాను. మైకు ముందు కాళ్లు వణుకుతున్నాయి. ఆమెకీ వణికేవట. ఆ ధైర్యంతోనే నిలబడ్డాను.

మనకు ఆమె ఇంటి ఓనరమ్మ. కానీ పదిహేడేళ్లప్పుడు, యుద్ధం రోజుల్లో, పద్నాలుగు మంది వాయించే డాన్స్ బ్యాండ్‌లో గాయని. గాయని అంటే పాటంతా ఆమెదే అనుకున్నారా? కాదు. స్టేజీ మీద ఓ పక్కన కుర్చీలో నవ్వు చెదరకుండా కూర్చోవాలి. ట్రంపెట్లు మోగుతుంటే మనసులో తాళం లెక్కపెట్టుకోవాలి. వంతు రాగానే లేచి, కాస్త పాడి, మళ్లీ కూర్చోవాలి. ఒకసారి రేడియోలో ప్రత్యక్ష ప్రసారం జరుగుతుండగా లెక్క తప్పింది. లేచేసరికి మొదటి లైను దాటిపోయింది. బ్యాండ్ ఆగలేదు. రెండో లైనులో అందుకుంది. తర్వాత బ్యాండ్ మూతపడితే ఫ్యాక్టరీలో చేరింది. నాలుగేళ్ల పాట, డెబ్భై ఆరేళ్ల భయం. మొన్నటిదాకా ఆ కుర్చీ కలలోకి వచ్చేదట.

మన ఉగాదికి ఆమెను పాడమన్నాం, గుర్తుందా? కీబోర్డు మన తనీష్. వంతు వచ్చినా ఆమె లేవలేదు. పెద్దావిడ కదా అని తనీష్ మర్యాదగా వాయించడం ఆపేశాడు. మన దగ్గర వాయిద్యం పాట వెంట నడుస్తుంది మరి. ఆమెకు కోపం వచ్చింది. "నా కోసం ఆపకండి. ఆపితే నేనెక్కడ అందుకోవాలి?" అంది. మొదటినుంచి వాయించమని, వణుకుతూనే లేచి పాడింది.

వచ్చే నెల ఇరవైతో నా వర్క్ పర్మిట్ అయిపోతుంది. పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండేందుకు, ఇంకా పిలుపు రాలేదు. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియక కింద ఏడుస్తుంటే, ఆమె రైలింగ్ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. అంతా బాగైపోతుందని అనలేదు. "భయం పోయాక లేద్దామనుకోకు. లెక్క తప్పకు, చాలు" అంది. ఆ రోజు నుంచి పొద్దున్నే, ఇంకెన్ని రోజులని అడిగేది. ఇవాళ్టికి ఇంకా ముప్పై ఒక్క రోజులు. అడిగేవాళ్లు లేరు. నాకు భయంగా ఉంది.

ఈ హాల్లో అలాంటి కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తమని అడగను.

తన వంతు కోసం ఆమె సుమారు ఒక నిమిషం కూర్చునేది. ఆ నిమిషం ఆమె కోసం మౌనంగా నిలబడదాం. లెక్క నేను పెడతాను. భయం తగ్గేదాకా ఆగకండి. దయచేసి లేవండి.