రోజుకొక్క విమానం

ఈ సభకు అధ్యక్షత వహించిన దిల్‌సుఖ్‌నగర్ వస్త్ర వ్యాపారుల సంఘం పెద్ద చక్రపాణిగారికి, సన్మానం తలపెట్టిన చీరల కొట్టు యజమాని రామారావుగారికి, శాలువా కప్పుకుని ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్న మా వియ్యంకుడు బాలనర్సయ్యగారికి, ముందు వరసలో ఉన్న ఆయన భార్య యాదమ్మ వదినకు, కొట్టులో పనిచేసే అమ్మాయిలకు అబ్బాయిలకు, మెట్రో స్తంభాల కింద బండి పెట్టుకునే చోటు దొరక్క ఆలస్యంగా వచ్చి వెనకాల నిలబడ్డవాళ్లకు నమస్కారం.

నా పేరు కుసుమకుమారి. మన్సూరాబాద్‌లో ఉంటాను. నా కూతురు మృదులను బాలనర్సయ్యగారి అబ్బాయి నరేష్‌కుమార్‌కి ఇచ్చాం. వాళ్ల పిల్లలకు ఆయన తాత, నేను అమ్మమ్మను. ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని. అక్కడ మాకు అన్నీ నేర్పారు గానీ పొగడటం నేర్పలేదు. (నవ్వులు)

ఇందాక మాట్లాడినవారు కొట్టులో నలభై ఏళ్ల సేవ అన్నారు. ముప్పై నాలుగు. ఆరేళ్లు ఎక్కువ వేసి మెచ్చుకుంటే ఆయనకు కలిసొచ్చేదేమీ లేదు. ఆ తర్వాతి ఆయన విశ్వాసానికి మారుపేరు అన్నారు. వాకిట్లో కాపలా ఉండేవాటి గురించి అనే మాట అది, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి అనేది కాదు. ఇక ఈ శాలువా. పోచంపల్లి మగ్గం ముందు పుట్టి పెరిగిన మనిషికి, చీరలు అమ్ముకునే కొట్టువాళ్లు, మరమగ్గం మీద నేసిన నైలాన్ శాలువా కప్పారు. కప్పగానే ఆయన బొటనవేలు దాని అంచు మీద ఒక్కసారి కదిలింది, వెంటనే ఆగింది. నేను చూశాను. బాగాలేదని మాత్రం అనరు. (విరామం)

నన్ను ఈ మైకు ముందుకు ఎందుకు రప్పించారో సభకు తెలియాలి. నిన్న రామారావుగారు మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగి, "అమ్మా, మీ మాటంటే బాలనర్సయ్యకి గురి. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్ల సీజను దాటేదాకా రిటైరవకుండా కొట్టులోనే ఉండమనండి. గౌరవ సలహాదారు అని బోర్డు కూడా రాయిస్తాను. ఆ విమానాల పిచ్చి కూడా కాస్త తగ్గించుకోమని సభలోనే చెప్పండి, నలుగురిలో అయితే వింటాడు" అన్నారు. ఇందాక వేదిక మీద కూడా ఆయన ఉండమని అడిగారు, మా వియ్యంకుడుగారు తల ఊపారు, మీరంతా చప్పట్లు కొట్టారు.

సరే, ముందు ఆ పిచ్చి సంగతే చూద్దాం. దాని మీద నాకున్నంత తక్కువ అభిప్రాయం ఈ హాల్లో ఇంకెవరికీ ఉండదు, ఎందుకంటే మీరు విన్నారు, నేను చూశాను.

వాళ్లది అల్మాస్‌గూడ. శంషాబాద్‌లో దిగే విమానాలు ఆ డాబాల మీదుగా పోతుంటాయి. మామూలు మనుషులు చెవులు మూసుకుని ఫోను మాట్లాడతారు. ఈయన పాత కెమెరా ఒకటి కొని డాబా ఎక్కారు. ఆ తర్వాత సెలవు దొరికిన ఆదివారమల్లా విమానాశ్రయం గోడవతల, ఎండలో. ఆయనలాంటివాళ్లు అక్కడ ఇంకొందరున్నారు, సాఫ్ట్‌వేరు కుర్రాళ్లు, రిటైరైన బ్యాంకువాళ్లు, చదువుకున్నవాళ్లే. వచ్చిన విమానం తోక దగ్గర రాసిన నంబరు రాసుకుంటారు, ఇంతకుముందు చూసిందయితే పెదవి విరుస్తారు, చూడనిదయితే ఒకరి వీపు ఒకరు తట్టుకుంటారు. అందులో ఎవరున్నారు, ఎక్కడికి పోతున్నారు, ఎవరికీ అక్కర్లేదు. అవతల పెళ్లికూతుర్ని వదిలేసి పల్లకీ బోయీల నంబర్లు రాసుకున్నట్టు. (నవ్వులు)

ఇది చాలక దీవి. పడమటి సముద్రంలో ఒక చిన్న దీవి, పేరు చెప్పవద్దని మాట తీసుకున్నారు. జనం ఎగబడతారని భయం. ఎవరూ ఎగబడరని నేను హామీ ఇస్తాను. పోయిన ఏడాది యాదమ్మ వదిన ఇంకో ఆడతోడు లేకుండా రానంటే నేనూ వెళ్లాను. అనుమతి కాగితాలు, పోలీసు స్టేషనులో సంతకాలు, అన్నీ అయ్యాక చూస్తే ఆ దీవి ఎంత సన్నగా ఉందంటే రన్‌వేకి అటు సముద్రం, ఇటు సముద్రం. రోజుకొక్క విమానం వస్తుంది, ముందు రెండు ఫ్యానులుండే చిన్నది. ఆ ఒక్కదాని కోసం పొద్దున్నే ఇసుకలో కూర్చోవాలి.

మొదటిరోజు కూర్చున్నాం. విమానం వచ్చింది. ఈయన కెమెరాలోంచి తోక నంబరు చూసి, జేబులోని పుస్తకంలో సరిచూసుకుని, "చెల్లె, గిది మన శంషాబాద్‌దే. మొన్న ఐతారం గోడ కాడ చూసిన" అన్నారు. (నవ్వులు. సభలో కొందరు లేచి నిలబడటం) కూర్చోండి. నేను అప్పుడు నవ్వలేదు, ఎండకు నవ్వు రాలేదు. అల్మాస్‌గూడ డాబా మీద కనబడే విమానాన్ని చూడటానికి భార్యను, వియ్యపురాలిని వెంటేసుకుని సముద్రం దాటివచ్చిన మనిషి ఈయన. మరి వెళ్దామా అన్నాను. "గాడ చూసింది వేరు చెల్లె, గీడ వేరు. రేపు జర కడుపు చూడు" అన్నారు. విమానం కడుపు.

యాదమ్మ వదినతో మీ ఆయనకు ఇదేం రోగం అంటే, "ఏం చెప్పాలె వదినా, ఇంట్ల ఉంటే డాబా మీద, ఈడికొస్తే ఇసుకల. గాయన కంటికి నేను కనవడాల్నంటే నాక్కూడ రెక్కలు రావాలె" అంది. వదినా, తల వంచుకోకు, నువ్వన్నదే చెప్పాను.

మర్నాడు కడుపు చూశాను. తెల్లటి విమానం నీళ్ల మీదుగా కిందికి దిగేటప్పుడు ఆ సముద్రం రంగు దాని కిందిభాగానికి అంటుకుంటుంది. లేత నీలం. నేలను తాకగానే పోతుంది. "గీ రంగు అద్దకంల రాదు చెల్లె. మా నాయిన బతికుంటే చూపిస్తుంటి" అన్నారు. రంగు బాగుంది, లేదనను. దానికోసం అంతదూరం పోవాలా అన్నది వేరే ప్రశ్న.

రంగు దొరికింది కదా, అయిపోయింది అనుకున్నాను. అవలేదు. ఫ్యాను ఉందట. కెమెరాను వేగంగా పెడితే ఫ్యాను రెక్కలు ఆగిపోయినట్టు పడతాయి, అప్పుడు అది ఆకాశంలో వేలాడదీసిన బొమ్మలా ఉంటుందట, ఆ ఫొటో చెల్లదు. నెమ్మదిగా పెడితే ఫ్యాను గుండ్రంగా తిరిగినట్టు వస్తుంది గానీ మనిషి చెయ్యి వణికి విమానమంతా అలికినట్టు అవుతుంది, అదీ చెల్లదు. విమానం స్థిరంగా ఉండాలి, ఫ్యాను అంచు మాత్రం చెదరాలి. ఎంత చెదరాలి అంటే, "మన పోచంపల్లి చీర మీద పువ్వు అంచు జర చెదిరినట్టు ఉంటది చూడు, గంత. ఎక్కువైతే కరాబు, తక్కువైతే అచ్చు గుద్దినట్టు" అన్నారు. మూడోరోజు తీసిన ఫొటో నాకు చూపించారు. నా కంటికి విమానం ఉంది, సముద్రం ఉంది, ఫ్యాను ఉంది. బాగుందన్నాను. ఆయన దాన్ని చూసి, "కాదు. ఇది కాదు" అని తీసేశారు. ఎవర్నీ అడగలేదు, ఎవరి మొహమూ చూడలేదు.

సభవారు ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ మనిషిని నేను మృదుల పెళ్లి చీరలప్పటినుంచి ఎరుగుదును. ఆ కొట్టులో ఆయన ముందు పరుపు మీద కూర్చుని ఆడవాళ్లం గుట్టలుగా చీరలు విప్పించాం. "ఇంకోటి చూపించండి", "అదే రంగులో వేరే అంచు", "ఇది ముసలివాళ్ల చీరలా ఉంది". అన్నింటికీ చూపిస్తనమ్మా, ఉందమ్మా, తెప్పిస్తనమ్మా. మేం లేచిపోయాక నిలబడే ఆ గుట్టంతా మడత పెట్టుకున్నారు. కాదు అనే మాట ఆయన నోట మొదటిసారి నేను విన్నది ఆ ఇసుకలో, అదీ తన సొంత ఫొటోతో. అది వినడానికి నేను అంతదూరం పోవాల్సి వచ్చింది. బయలుదేరే రోజు దాకా ఆయనకు కావలసిన ఫొటో దొరకలేదు. ఒకరోజు వానమబ్బు, ఒకరోజు విమానమే రాలేదు, ఒకరోజు చెయ్యి వణికింది. ఖాళీగా తిరిగొచ్చాం.

ఇప్పుడు రామారావుగారు నాకు చెప్పనిది నేను సభకు చెబుతాను. ఆ ఫ్యాను విమానం ఈ ఫిబ్రవరితో ఆగిపోతుందట. రన్‌వే పొడిగించి పెద్ద విమానాలు తెస్తారు, మేం కూర్చున్న ఒడ్డును కంచె వేసి మూస్తారు. ఈ సంగతి బాలనర్సయ్యగారు కొట్టులో చెప్పారు, యజమానికీ తెలుసు. అయినా, "సీజను కానియ్ బాలనర్సయ్యా, విమానాలు ఎక్కడికి పోతాయి" అన్నారట. అవే పోతున్నాయండీ రామారావుగారూ. పెళ్లిళ్లు పోవు. వచ్చే ఏడూ మాఘమాసం వస్తుంది, వచ్చే ఏడూ మీ కొట్టులో ఆడవాళ్లు ఇంకోటి చూపించమంటారు. మీ నాన్నగారు ఊరినుంచి వచ్చిన ఈయనకు పని ఇచ్చారు, మంచిదే, ఆ మాట ఇవాళ ముగ్గురు వక్తలు గుర్తుచేశారు. ఈయన ముప్పై నాలుగేళ్లు మీకు చేశారన్న మాట ఒక్కరూ ఆ పక్కన పెట్టలేదు. గౌరవ సలహాదారు అంటే ఏమిటో నేను వాకబు చేశాను. అదే పరుపు, అదే నిలబడటం, బోర్డు కొత్తది. (చప్పట్లు. వేదిక మీద కదలిక)

చప్పట్లు వద్దు. మీరే కదా ఇందాక తల ఊపినందుకూ కొట్టారు.

విమానాల పిచ్చి పనికిమాలినది. నా అభిప్రాయం మారలేదు, మారదు. కానీ ఉండమని చెప్పడానికి నన్ను పిలిచారు, ఆ మాట నేను చెప్పను. వెళ్లమనీ చెప్పను. ఆయన తరఫున ఒకరు మాట్లాడటం ఇవాళ పొద్దున్నుంచీ చాలా అయింది, నాతో సహా. అన్నయ్యగారూ, మీరు ఇందాక తల ఊపారు. చీర బాగాలేదన్నా మీరు అలాగే ఊపుతారు, అందుకని దాన్ని నేను జమ కట్టను. మాఘంలో కొట్టుకు వస్తున్నారా?

(సన్మానితులు కూర్చున్నచోటనే ఏదో అన్నారు.)

వినబడలేదు. యజమానిగారి వైపు చూడకండి, ఆయన మొహం మీద జవాబు లేదు. మైకు పట్టుకోండి.

(సన్మానితులు మైకు అందుకుని: "రాను సేటూ. మాఫ్ చెయ్యుండ్రి. ఫిబ్రవరి ఎల్లకముందుకే పోతా. రాను.")

రెండుసార్లు అన్నారు, ఒకసారి చాలు. చక్రపాణిగారూ, మినిట్సులో రాయించండి. రామారావుగారూ, మీకు కోపం వచ్చింది, రావాలి కూడా, భోజనాల దగ్గర నామీద చూపించండి, ఆయన మీద కాదు. వదినా, ఈసారి తోడుకు నన్ను అడగకు. ఆ ఇసుక నా చీర మడతల్లోంచి ఇంకా రాలుతోంది.

ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. తర్వాతి వక్తలు ఆయన వెళ్లవద్దని చెప్పడానికి సిద్ధమై వచ్చుంటే కాగితం మడిచి జేబులో పెట్టుకోండి, ఆ విషయం అయిపోయింది. నాకు సెలవు.