పురుగుల్ని ఇంటికి పంపిన సన్నాసి

లీవమ్మని ఒక ముసలామె ఉందర్రా, చీనా దేశంలో. అసలు పేరు ఇంకేదో ఉంది, మనకి నోరు తిరగదు, లీవమ్మే అనుకోండి. ఆమెకి ఇద్దరు మనవలు పుట్టి, పాలు మానిపించి నీళ్ళు పట్టడం మొదలెట్టగానే, కడుపు కదిలి కదిలి పోయారంట. మూడోది ఆడపిల్ల. దానికీ పాలు మానిపించే రోజులొచ్చాయి. ముసలామెకి కంటి మీద కునుకు లేదనుకో. ఈ పిల్ల కూడా పోతే నేనెవర్ని చూసుకుని బతకాలని ఒకటే ఏడుపు.

సరిగ్గా అప్పుడే ఏమైందంటే, ఊళ్ళోకి ఒక సన్నాసి దిగాడు. ఎక్కడోడో కాదు, మన కిష్ణ ఒడ్డువాడే, బుద్ధుడి మాట చెప్పడానికి ఘంటసాల రేవులో ఓడెక్కి పోయాడంట. పేరు సుమనందుడు. నున్నటి గుండు, చేతిలో భిక్షాపాత్ర, భుజాన ఒక పల్చటి గుడ్డ. గట్టు మీద కూచుని ఏదో చెబుతాడు, ఆ భాష ఆయనకి సగం వచ్చు, సగం రాదు. అమ్మానాన్నా ఇచ్చిన జుట్టు గొరిగించుకున్నోడు మంచోడెట్లా అవుతాడని ఆ ఊరోళ్ళకి అదొక ఒళ్ళుమంట. మనకంటే తిరపతి మొక్కులున్నాయి, వాళ్ళకేముంది? అది చాలదన్నట్టు, పొద్దున్నే ఊరి గుంట కాడికి పోయి, గుడ్డ పరిచి పాత్రలోకి నీళ్ళు వడగడతాడు. బానే ఉంది. ఆ తర్వాత గుడ్డ తిరగేసి గుంటలో మెల్లిగా జాడిస్తాడు, పెదాలు కదిలిస్తాడు. అది చూశారు జనం. అమ్మో, వీడు మన నీళ్ళల్లో ఏదో కలుపుతున్నాడు, మందు పెడుతున్నాడు, అని ఊరంతా గుప్పుమంది. ఊరిపెద్ద నలుగురికి కర్రలిచ్చి బయల్దేరాడు.

అందరికంటే ముందు లీవమ్మ పరిగెత్తింది. పోయి చెయ్యి పట్టుకుని, ఏం కలిపావురా, నా మనవరాల్ని కూడా మింగుదామనా, అని అరిచింది. ఆయన బెదరలా. "కలపడం లేదమ్మా, వదిలిపెడతన్నా, చూడు" అని గుడ్డ ఎండకి పట్టాడు. చూస్తే ఏముంది, సన్న సన్న పురుగులు, గిలగిలా కొట్టుకుంటన్నాయ్. "తాగితే చచ్చిపోతాయి గదమ్మా, వాటికీ ప్రాణముంది, అందుకని మళ్ళీ ఇంటికి పంపిస్తన్నా" అన్నాడంట. ఇదా, ఇన్నాళ్ళూ నా పిల్లలకి నేను తాపింది ఇదా, అని ముసలామె నెత్తి కొట్టుకుంది. కోపమూ వచ్చింది, రాదా మరి? పురుగు చస్తుందని సముద్రం దాటి గుడ్డ మోసుకొచ్చావే, నా పిల్లలు పోయేటప్పుడు ఒక్కడూ రాలేదే, అని ఏడిచింది. ఆ సన్నాసికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంట.

ఈలోపల కర్రలొచ్చాయి. లీవమ్మ అడ్డం నిలబడి, "ఈ గుడ్డ నేను తీసుకుంటన్నా. ఇందులో వడగట్టిన నీళ్ళే నా పిల్లకి పడతా. పిల్ల కొత్త బియ్యం తినేదాకా ఈయన జోలికి రాబాకండి. దానికేదన్నా అయితే మీకంటే ముందు నా కర్రే లేస్తది" అంది. "అమ్మా, నేను వైద్యుణ్ణి కాదు, ఇది పురుగుల కోసం" అని సన్నాసి గొణిగాడు. "నువ్వు నోరుమూసుకో" అంది లీవమ్మ.

మధ్యలో ఒకసారి పిల్లకి ఒళ్ళు కాలిపోయింది. ఊరిపెద్ద కర్ర పట్టుకుని లీవమ్మ గుమ్మం ముందు అటూ ఇటూ తిరగడం మొదలెట్టాడు. సన్నాసి పారిపోవచ్చు, పోలా, ఆమె అరుగు మీదే కూచున్నాడు. జ్వరం దిగింది. కడుపు మాత్రం కదల్లా. కోతలయ్యాయి, కొత్త బియ్యం వండారు. పిల్ల నోటినిండా మెతుకులు కుక్కుకుని, ఆ గుండు మీద ఎంగిలి చెయ్యేసి నిలబడింది. ముసలామె సంతోషం పట్టలేక పిల్లనీ సన్నాసినీ కలిపి తిట్టిందంట.

ఇంక చూడండి, ఇంటింటా కడవ మూతికి గుడ్డే. ఆడోళ్ళంతా ఇంటికి పోయే ముందు ఆ గుడ్డ గుంటలో జాడించి మరీ పోతారంట, ఊరిపెద్ద పెళ్ళాంతో సహా. గట్టు మీద ఆయన చెప్పిన పెద్ద మాటలు ఎంతమందికి ఎక్కాయో నాకు తెలవదు, ఇది మాత్రం ఎక్కింది. మనమూ కడతాంగా బిందె మూతికి గుడ్డ? కట్టి, ఆ పురుగుల్ని ఏం చేస్తన్నాం? గోడకేసి దులుపుతున్నాం. పురుగుకీ ప్రాణముందన్నది మన కిష్ణ ఒడ్డు నుంచి పోయిన మాటేనర్రా, మనకాడే మిగల్లా. నవ్వుతావేమే మంగాయమ్మా, రేపు పొద్దున నీ గుడ్డ చూస్తా నేను.