తప్పులు రాసే పిల్ల

తిరుపతిలో ఒక వెబ్‌సైటు ఆఫీసు, 2008. ముప్పై ఏండ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మునస్వామి; ఆఫీసు చూసుకునే దేవేంద్ర.

“తీసేసినారా లేదా? ముందు అది సెప్పు.”

“కాఫీ తాగుతారా సార్?”

“కాఫీ యాడికీ పోదులే. ఆ పిల్లను తీసేసినారా?”

“మీరు మెడ్రాసు ఓనరుకే నేరుగా ఉత్తరం రాసినారంట. నాకొక మాట సెప్పింటే...”

“నీకు సెప్పి సెప్పి నా నోరు నొచ్చింది గాని! ఈ కాగితం సూడు. ‘చంద్రగిరి కోట రాజులచే కట్టబడి యాత్రికులచే చూడబడుచున్నది.’ సూడబడేదేందప్పా! ఇంకోటి, ‘నిమ్మకాయ పిండబడిన తర్వాత ఉప్పు వేయబడును.’ థూ!”

“ఇంగ్లీషులో ఉండేది అట్లే తిప్పి రాస్తాది సార్. దినానికి పదైదు వ్యాసాలు రాయల్ల గదా.”

“రాస్తే? నేను దిద్దేలోపలే కంప్యూటర్లో పెట్టేస్తారు. అడుగున ‘దిద్దినవారు మునస్వామి’ అని నా పేరు! మొన్న శ్రీకాళహస్తిలో మా పాత ప్రెస్సోళ్లు నెట్ సెంటర్లో సదివి, ‘ఏమప్పా, కండ్లు పోయినాయా?’ అని నవ్వినారు. ముప్పై ఏండ్లు సంపాదించుకున్న పేరబ్బా అది. సిగ్గుతో సచ్చినాను.”

“ఆయమ్మకు బతుకుదెరువు ఇదొక్కటే సార్.”

“అయితే? తెలుగును సంపి బతకాల్నా? యవురప్పా ఆ పిల్లకు అక్షరాలు నేర్పించింది? ఆ తండ్రిని పిలిపించి నాలుగు అడగల్ల.”

“వద్దులే సార్.”

“ఏం, ఎందుకొద్దు? ఈ ‘మధుమతి’ దొంగపేరే గదా?”

“దొంగపేరే. ఇంట్లో తెలిస్తే అగ్గయిపోతారని పెట్టుకునింది. మాకు గూడా మెయిల్లో పంపడమే గాని నిన్నటిదాకా మనిషి తెలీదు.”

“తెలీకపోతే పీడా పాయె. తీసేసినారా?”

“తీసేసినారు. నిన్న.”

“అబ్బ! ఇప్పుడు పానం కుదుటపడింది. ఏడ్సిందా?”

“లేదు సార్. ఎందుకు తీసేసినారో సెప్పమని మొదటిసారి ఆఫీసుకొచ్చింది. ఆ కుర్సీలోనే కూర్సునింది.”

“నువ్వేం సెప్పినావు?”

“ఓనరు పంపిన మీ సేతిరాత ఉత్తరమే ఇచ్చినాను. కింద మీ సంతకం మడిసి.”

“మంచిపని జేసినావు! సదివిందా?”

“రెండు తూర్లు సదివింది.”

“ఇప్పటికన్నా బుద్ధొచ్చింటాది. ఏమనింది?”

“‘మా నాయన రాత ఇంకా వణకలేదన్నా’ అనింది సార్.”