తెల్లోడు ఏమన్నాడే?

బ్యాంకాక్‌లో నదికి అవతలి ఒడ్డు, తలాద్ ఫ్లూ. రైలు పట్టాల పక్కన చమోయ్ నూడుల్స్ దుకాణం. మధ్యాహ్నపు రద్దీ అప్పుడే తగ్గింది. ఉన్నది చమోయ్, ఆమె చెల్లెలి కూతురు రేవదీ.

"ఏమన్నాడే వాడు?"

"ఎవరు పెద్దమ్మా?"

"ఎవరేంటే? ఇందాక లేచి వెళ్లిన ఆ తెల్లోడు. చేతులు తిప్పుకుంటూ అంతసేపు ఏదో చెప్పాడుగా నీకు."

"ఆఁ, ఆయనా. బాగుందన్నాడు."

"బాగుందని చెప్పడానికి అంతసేపా?"

"వాళ్ల భాషంతే. పొడుగ్గా ఉంటుంది. రోజూ అడుగుతావు, రోజూ చెబుతూనే ఉన్నాగా."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. హోటల్లో నాలుగేళ్లు పక్కలు సర్ది నేర్చుకున్నావు, నీకొక్కదానికే ఆ భాష వచ్చు, ఒప్పుకుంటా. నాకూ కళ్లున్నాయి. ఆ గిన్నె చూడు. సగం అలాగే వదిలేశాడు."

"పొట్ట నిండిపోయిందట."

"ఇప్పుడే కదే బాగుందన్నాడన్నావు?"

"బాగుందన్నాడు, నిండిపోయిందన్నాడు. రెండూ అన్నాడు."

"రేవదీ. ఇటు చూడు. ఆ గిన్నెలు తర్వాత కడుగుదువుగానీ. నా మొహం చూసి చెప్పు. ఏమన్నాడు?"

"చెబితే కోప్పడతావు."

"చెప్పకపోతే ఇంకా కోప్పడతా."

"చారులో ఉప్పు లేదన్నాడు."

"ఏంటీ?"

"ఉప్పు లేదట. ఏ రుచీ లేదట. వేణ్ణీళ్లు తాగినట్టుందట. నేననలేదు పెద్దమ్మా, ఆయనన్నాడు."

"వేణ్ణీళ్లా! నా చారా! ఎవడు, వాడా? ఎదురు దుకాణంలో తోమ్‌యమ్ పులుసు తాగుతూ అందులో తీసి పారేయాల్సిన నిమ్మగడ్డి కాడలు పరపరా నమిలి, మింగలేక కక్కలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాడే, వాడేనా నా చారుకి వంక పెట్టేది?"

"అది ఆయన వచ్చిన కొత్తలో..."

"కొత్తేంటి, పాతేంటి! వాళ్ల జాతికే తినడం రాదు. ఫోర్కుతో అన్నం గుచ్చి తిన్నగా నోట్లో పెట్టుకుంటారు. ఫోర్కున్నది చెంచాలోకి తోసుకోవడానికని మన మూడేళ్ల పిల్లలకి తెలుసు. నలుగురు కలిసొస్తారు, ఎవడి పళ్లెం వాడు అడ్డం పెట్టుకుని తింటాడు. మధ్యలో పెట్టుకుని అందరూ తినాలంటే ప్రాణం పోతుంది వాళ్లకి."

"అందరూ అలా ఉండరు పెద్దమ్మా."

"ఉండరా? బొప్పాయి పచ్చడి దంచి అమ్మే మీ అత్త దగ్గరికి వస్తారుగా, అడుగు. మిరపకాయలు వద్దంటారు. పీత వద్దంటారు. చేపసాసు కంపంటారు. ఇంకేం మిగిలిందే రోట్లో? కోరిన బొప్పాయి! దానికోసం విమానమెక్కి రావాలా? పాడ్‌థాయ్ తప్ప ఇంకో వంట పేరు తెలీదు. దాని మీదైనా నిమ్మచెక్క పిండుకుంటారా అంటే, అదీ లేదు. పక్కన పెట్టి ఫోటో తీసుకుంటారు."

"ఈయన ఫోటోలు తియ్యడు. కారం కూడా తింటాడు. రెండేళ్ల నుంచి ఇనపసామాన్ల కొట్టు మీద గదిలోనే ఉంటున్నాడు. పేరు యోరిస్."

"యోరిస్సో బొరుస్సో! తెల్లోడికీ జామకాయకీ మనవాళ్లు 'ఫరంగ్' అని ఒకటే పేరు పెట్టింది ఊరికేనా? ఉప్పూకారం అద్దితే గానీ పనికిరాని సరుకు."

"అదే మరి. ఉప్పు లేదనేగా ఆయన గోల."

"నోర్ముయ్. ఉప్పు కావాలంటే వేసుకోవాలి. ప్రతి బల్ల మీదా నాలుగు సీసాలు పెట్టానా? పంచదార, కారప్పొడి, వెనిగర్లో వేసిన మిరపకాయలు, ఉప్పుకి చేపసాసు. అందానికి పెట్టానా అవి? ఒక్కరోజైనా ముట్టుకున్నాడా వాడు? పోసింది పోసినట్టు తాగేస్తాడు, పశువు కుడితి తాగినట్టు. కలుపుకోవడం రానివాడికి ఉప్పు సంగతి ఎందుకు?"

"నేనడిగాను పెద్దమ్మా ఒకసారి. ఎందుకు కలుపుకోరని."

"ఏమన్నాడే?"

"వండినావిడ ఎదురుగా నిలబడి చూస్తూంటే, మీవాళ్లు చుక్కైనా రుచి చూడకుండా నాలుగూ కుమ్మరిస్తారేంటి, ఆవిణ్ణి అవమానించినట్టు కాదూ, అన్నాడు. ఆవిడ వండింది తినడానికొస్తాను, నేను వండుకునేదానికి ఇక్కడిదాకా రావడమెందుకు, అన్నాడు."

"ఓహోహో! మర్యాదలు నేర్పుతున్నాడా మనకి? సగం చారు నేను వండుతా. మిగతా సగం తినేవాడు వండుకుంటాడు. ఒకడికి పులుపు, ఒకడికి తీపి, ఒకడికి చెమటలు పట్టాలి. అది తెలీనివాడు వచ్చి మనకి అవమానం గురించి చెబుతాడూ!"

"సరే, పోనీలే. రేపట్నుంచి రావద్దని చెప్పేయనా?"

"పోనీలే ఏంటే? ఎలా పోనిస్తా? నలభై ఏళ్లయింది ఈ పొయ్యి దగ్గర. నా చారు చప్పబడిందంటే ఆరోజే ఈ పొయ్యి ఆర్పేస్తా. మళ్లీ వెలిగించను. అమ్మ ఫోటో సాక్షిగా చెబుతున్నా."

"ఆ మాట అనకు."

"ఎందుకనకూడదు?"

"ఆర్పేస్తే నేనెక్కడికి పోవాలి? మళ్లీ హోటల్లో పక్కలు సర్దుకోవాలా? మాట్లాడితే పొయ్యి ఆర్పేస్తానంటావు. ఇంక నీతో ఎవరైనా ఏదైనా చెబుతారా?"

"ఏం చెప్పాలే నాతో? ఏముంది చెప్పడానికి?"

"ఏం లేదు."

"ఏంటి చెల్లెమ్మా, గొంతు రైలుస్టేషన్ దాకా వినిపిస్తోంది!"

"రా ప్రసోపన్నా, సమయానికొచ్చావు. కూర్చో. రైలుగేటు దగ్గర ఉద్యోగంలో ఉన్నప్పట్నుంచీ నా చేతి చారు తాగుతున్నావు, నువ్వే చెప్పాలి. ఆ తెల్లోడు నా చారులో ఉప్పు లేదన్నాడట."

"ఎవడు, ఆ పొడుగాటోడా? ఉప్పు గురించా వాడు చెప్పేది! హ! మొన్న మార్కెట్టులో వాళ్ల దేశపావిడ ఒకత్తి అన్నంలో కలుపుకునే గ్రీన్‌కర్రీ గిన్నె ఎత్తి గటగటా తాగేసింది. అన్నం లేదు, ఏం లేదు. సూపనుకుందట!"

"చూశావా రేవదీ? విన్నావా?"

"ఇంకొకడు పొద్దున ఏడింటికి మామిడిపండూ జిగురన్నమూ అడిగాడు. భోజనమయ్యాక తినే తీపి వాడికి ఫలహారమట. వాళ్ల మాట పట్టించుకుంటావేంటి చెల్లెమ్మా?"

"అలా గడ్డి పెట్టు దీనికి. ఇదిగో, ఒక గిన్నె పోస్తున్నా. తిని చెప్పు."

"ఇప్పుడా? ఇంట్లో తినే వచ్చాను."

"నువ్వు ఇంట్లో తిని నా దుకాణానికి ఎప్పుడొచ్చావు? కూర్చో."

"సరే, సరే. చిన్న గిన్నెలో పోయ్. రేవదీ, ఆ సీసాలు ఇటు జరుపమ్మా."

"జరపకే."

"అదేంటి?"

"ఏమీ కలపకుండా తిను."

"కలపకుండానా? అదెలా చెల్లెమ్మా? అలవాటైపోయింది. చెయ్యి ఊరుకోదు."

"ఊరుకోబెట్టు."

"అదీగాక డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు..."

"మరి చేపసాసు సీసా మీదికి చెయ్యెందుకు పోతోంది?"

"అది... అటు జరుపుదామని."

"తిను అన్నయ్యా."

"తింటున్నా."

"ఏం?"

"ఊఁ."

"ఊఁ ఏంటి?"

"వేడిగా ఉంది."

"వేడి సంగతి నేనడిగానా?"

"మాంసం ఉండలు మెత్తగా బాగా కుదిరాయి. నూడుల్స్ కూడా..."

"చారు."

"చారా? చారు ఎప్పటిలాగే ఉంది."

"ఎప్పటిలాగే అంటే ఎప్పట్నుంచి?"

"అంటే, ఈమధ్య ఎప్పటిలాగే."

"ఈమధ్యా?"

"రేవదీ, నువ్వు చెప్పమ్మా."

"నన్నెందుకు లాగుతారు మామయ్యా? గిన్నె మీ ముందే ఉందిగా."

"చూడు ప్రసోపన్నా. మీ ఆవిడ పోయినప్పుడు గుడి దగ్గర మూడు రోజులు అందరికీ చారు పోశాను. ఆ మొహమైనా చూసి నిజం చెప్పు. ఉప్పుందా, లేదా?"

"లేదు."

"అసలు లేదా?"

"అసలు లేదు చెల్లెమ్మా. ఇవాళ మరీ చప్పగా ఉంది. ఒక్కోరోజు నోట్లో పెట్టలేనంత ఉప్పు కషాయం. సోంగ్‌క్రాన్ పండక్కి నీకు జ్వరమొచ్చి తగ్గింది చూడు, అప్పట్నుంచి ఇదే వరస."

"మూడు నెలల నుంచా?"

"అంతే ఉంటుంది."

"నీకొక్కడికే తెలుసా?"

"అంటే..."

"ఇంకెవరికి తెలుసు?"

"అందరికీ తెలుసు పెద్దమ్మా. చేపల బున్‌సితా అత్తకి తెలుసు. మంగలాయనకి తెలుసు. చేపసాసు సీసాలు ఇదివరకు వారానికోసారి నింపేదాన్ని, ఇప్పుడు రోజుకి రెండుసార్లు నింపుతున్నా. చప్పగా ఉన్నరోజు సాసు, ఉప్పెక్కువైనరోజు పంచదారా వెనిగరూ. గుడిలో భిక్షువుగారికి కూడా తెలిసే ఉంటుంది."

"భిక్షువుగారికా! పొద్దున్నే ఆయన పాత్రలో నా చేత్తో పోస్తున్నానే!"

"ఆయన దగ్గర సీసాలు ఉండవు, పాపం."

"నవ్వుతావేంటి అన్నయ్యా? సిగ్గులేదూ?"

"నవ్వట్లేదు చెల్లెమ్మా."

"మరి తెలిసీ రోజూ ఎందుకొచ్చి తిన్నారు?"

"ఎక్కడికి పోతాం? నీ దగ్గర తినడం అలవాటు. సీసాలున్నాయి, సర్దుకుంటున్నాం. నీ మొహం మీద ఎవరు చెబుతారు? మొహమాటం ఉండదూ?"

"మొహమాటమా! మూడు నెలలుగా వీధి వీధంతా నా వెనక సైగలు చేసుకుని, నా ముందుకొచ్చి లొట్టలేస్తూ తాగారు. ఛీ! తెల్లోడికి తినడం రాదని ఇందాక పళ్లికిలించావే. తినడం వచ్చిన మీరేం ఒరగబెట్టారు నాకు?"

"కోప్పడకు చెల్లెమ్మా."

"కోప్పడక హారతివ్వనా? లే ఇక్కణ్ణుంచి."

"గిన్నె ఖాళీ చేసి..."

"చెయ్యక్కర్లేదు. లే! వెళ్లేటప్పుడు బున్‌సితాకి చెప్పు, దాని మొహమాటం దాని చేపలకి పూసుకోమని."

"సరే చెల్లెమ్మా. సాయంత్రం వస్తాలే. రేవదీ, చూసుకోమ్మా."

"వెళ్లండి మామయ్యా. వెళ్లండి, నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావే నువ్వు?"

"పెద్దమ్మా, కూర్చో ముందు. గరిటె ఇటివ్వు."

"ముట్టుకోకు దాన్ని."

"రేపట్నుంచి ఉప్పు నేను వేస్తా. నువ్వు పక్కనే కూర్చుని మిగతావన్నీ చెప్పు. ఎవరికీ తెలీదు. పొయ్యి ఆర్పేస్తానని మాత్రం అనకు."

"ఉప్పు నువ్వేస్తావా? సరే. ముందు ఒక్క సంగతి చెప్పు. పండగ తర్వాత్నుంచీ రోజూ నిన్నడుగుతున్నా, తెల్లోడు ఏమన్నాడే అని. రోజూ బాగుందన్నాడని చెప్పావు."

"చెప్పాను."

"నిజంగా రోజూ ఏమన్నాడు వాడు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"చెప్పు."

"రోజూ వివరంగానే చెప్పేవాడు. ఇవాళ ఉప్పు తగ్గింది, ఇవాళ ఎక్కువైంది, ఇవాళ మాత్రం సరిగ్గా కుదిరింది అని. ఆవిడకి చెప్పు, ఆవిడకి తెలియాలి అనేవాడు. ఇవాళైతే నన్ను తిట్టాడు, నువ్వసలు చెబుతున్నావా లేదా అని."

"మరి చెప్పవేం?"

"ఎలా చెప్పను? తెల్లోడి మాటంటే నీకు చులకన. పైగా చారు చప్పబడితే పొయ్యి ఆర్పేస్తానంటావు. నీ మనసు కష్టపడుతుందని, దుకాణం పోతుందని, నాలుగు మంచి మాటలు వింటే సంతోషిస్తావని, నేనే మార్చి చెప్పాను. తప్పా పెద్దమ్మా?"

"సంతోషం కోసం అడిగాననుకున్నావా?"

"కాక? ఆయన పొగిడితే వినాలనిపించేదేమో అనుకున్నా."

"ఆ జ్వరంతోనే నా నోటికి రుచి పోయిందే. ఉప్పేదో పంచదారేదో నాకు తెలీదు. మీ అందరి చేతుల్లోనూ సీసాలే, నా వంట వండినట్టు తినేది ఈ వీధిలో వాడొక్కడే. ఉప్పు పెంచాలో తగ్గించాలో వాడి మాట విని వేద్దామని రోజూ నిన్నడిగాను. నువ్వేమో రోజూ బాగుందన్నావు."