ఇద్దరికీ వస్తానంటి

హలో… ఆఁ, నేనే మేడం, వనజను. మెల్లగా మాట్లాడ్తాండా. దొడ్లో కట్టెల మాటున ఉండా.

…లేదు మేడం, రేపటి ఇంటర్వ్యూకి సదువుకుంటానే ఉండా. 'ముందుకి ఏం జేస్తావు' అని అడిగితే… విల్ అనల్లా, గోయింగ్ టు అనల్లా?

…ఆఁ. అప్పటికప్పుడు అనుకునిందయితే విల్. ముందే మనసులో పెట్టుకునిందయితే గోయింగ్ టు. …టైముతో సహా ఖాయమైపోయిందయితే? …అయామ్ కమింగ్. సరే మేడం.

మనకెంత సులభం! దేనికైనా 'వస్తా' అంటే సాలు…

…ఏడ్సల్యా మేడం. పడిశెం.

…సెప్తా. రేపు తెల్లారి అయిదుకే మా ఇంటోళ్ళంతా సుగ్గికి పోతాండారు. …గుంటూరు పక్క, మిరపకాయలు కోసేదానికి. నన్ను గూడా కలిపినారు.

…యాల సెప్పలేదంటే— కూలోళ్ళ గుంపు మేస్త్రి లక్ష్మప్ప మామ వచ్చి 'వస్తావా పాపా' అన్యాడు. పెద్దాయన ముందర రానని ఎట్లంటా? వస్తా అంటి. ఆ సాయంత్రమే మీరు ఫోన్ జేసి, ఆదోనిలో ఆసుపత్రి కౌంటరు పనికి ఇంటర్వ్యూ ఉంది, వస్తావా అంటిరి. మీకూ వస్తా అంటి.

…నాయనకి ఇంటర్వ్యూ సంగతే తెలీదు. నిన్న ఉరుకుంద గుళ్ళో ఈరన్న సామి ముందర పేరు పేరునా టెంకాయ కొట్టినాడు. నా పేరుతో కొట్టే టెంకాయ నేనే పట్టుకొని ఉంటి మేడం! కొట్టినాంక ఒకరు ఆగిపోతే గుంపుకంతా కీడంటారు.

…నాకు ఆ పని కావల్ల మేడం. శానా కావల్ల. పోయినేడు మిరపకాయ ఘాటుకి రెండు నెల్లు కండ్లు…

…నాయనతో మీరు మాట్లాడ్తారా? నిజంగానా? …ఉండండి, ఆయప్పే వస్తాండాడు. లక్ష్మప్ప మామ, గుంపోళ్ళూ వస్తాండారు.

నాయనా, మా ఇంగ్లీషు మేడం. నీతో మాట్లాడ్తారంట. …తెలుగే నాయనా. ఒక్క మాట… తీసుకో నాయనా, నీకు దండం పెడ్తా.

…హలో మేడం. తీసుకోల్యా. రేపట్నుంచి క్లాసుకు రానని నన్నే సెప్పమంటాండాడు.

…ఇంగ్లీషులో సెప్పల్లంట. బిడ్డ ఇంగ్లీషు అందరూ ఇనల్లంట. …నవ్వుతాండాడు మేడం. ఆయప్ప ఇట్లా నవ్వేది నేనెప్పుడూ సూడల్యా.

…

అయామ్ నాట్ కమింగ్ టుమారో, మేడం. వుయ్ ఆర్ లీవింగ్ ఎట్ ఫైవ్.

…మేడం? …తప్పు పోలేదు గదా?

…సప్పట్లు కొడ్తాండారు మేడం. పెట్టేస్తా.