ఇండొలెంట్ అంటే

వడ్రంగి తన మెడ మీది గడ్డ గురించి వచ్చిన రిపోర్టును పనిబల్ల మీద పరిచి, ఆసుపత్రిలో నర్సుగా చేసే మరదలి ముందుకు తోశాడు.

"ఇంగ్లీషులో తిడితే నాకు తెలియదనుకున్నాడా మీ డాక్టరు?"

"ఏమని తిట్టాడు బావా?"

"ఇండొలెంటట. డిక్షనరీలో అక్షరం అక్షరం వెతికాను. సోమరి అని ఉంది. పొద్దున ఆరింటికి రంపం పడితే దీపాలు పెట్టేదాకా దించను, నేను సోమరినా?"

"అక్క ఏమంది?"

"తిన్న కంచం తీయని మనిషిని డాక్టరు భలే కనిపెట్టాడంది."

మరదలు నవ్వింది గానీ, కాగితాన్ని చివరిదాకా చదివింది. అతను ఆమె ముఖాన్నే చూస్తూ గొంతు తగ్గించాడు.

"ఆ పక్కనున్న పొడుగాటి పేరు నాకు కొరుకుడు పడలేదు. ఏంటది?"

"క్యాన్సరే బావా, దాచను. కానీ ఇండొలెంట్ అన్నది మిమ్మల్ని కాదు, దాన్ని. డాక్టర్ల భాషలో ఆ మాటకి అర్థం వేరు. నొప్పి పెట్టదు, గబగబా పెరగదు. కొందరికి ఏళ్ల తరబడి ఉన్నచోటే కూర్చుంటుంది."

"కొయ్యక్కర్లేదా?"

"ప్రస్తుతానికి కోతా లేదు, మందూ లేదు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. కదిలితే అప్పుడు చూస్తారు."

"పనిలోకి వెళ్లొచ్చా?"

"భేషుగ్గా."

వడ్రంగి మెడ తడుముకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సోమరివాణ్ణి ఈ షెడ్డులో ఒక్క పూట ఉండనిచ్చింది లేదు," అన్నాడు. "దీన్ని మాత్రం ఎవరూ లేపకండి. ఎన్నాళ్లు పడుకుంటుందో పడుకోనీ."