అప్పన్నకి మొక్కిన జుట్టు

తన నాన్న పోయిన పదోనాడు, రంగూన్‌లో బోటాటౌంగ్ రేవు మెట్ల మీద ముసలి మంగలి కత్తి నూరుకుని కూర్చున్నా, మాస్టారు తల వంచలేదు.

"ఒంచరేటి మాస్టారూ?"

"ఈ జుట్టు సింహాద్రి అప్పన్నకి నాన్న మొక్కినది. ఓడెక్కడం కుదరక రెండేళ్లుగా పెంచుతున్నాను."

"నా పేరూ అప్పన్నే. అరవయ్యేళ్లుగా మోస్తన్నాను, అప్పంటే ఏటో తెలీదు."

"తండ్రి అని. ఏలినవాణ్ణి కూడా పూర్వం అలాగే పిలిచేవారు."

"అయితే తండ్రికిచ్చినందుకు ఆ సామి అలగడు. ముందు ఆయన వాటా ఒక పాయ తీసి తువ్వాల్లో ముడేత్తాను. మిగతాది మీ నాన్నకి."

పది రోజుల్లో మొదటిసారి మాస్టారు నవ్వి, తల వంచారు.

"మరి ఓడెప్పుడెక్కుతారు?"

"వేసవి సెలవుల్లో."

రెండు వేసవులు గడిచాయి. ఆ ముడిని ఇంకా సింహాచలం చేర్చవలసే ఉంది.